ళ లేని ఇల్లు

మా జోషిత నోట్లోంచి ళ పోయిన రోజున నేను పాయసం వండాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గాని, జరిగింది అదే. అంతకు ముందు అది "స్కూళ్" అనేది, మా పేట పిల్లలందరిలాగే. ఆ రోజు "స్కూల్" అంది. ఆ చివరి ల గొంతు లోపలెక్కడో పుట్టి, తెల్లవాళ్ళు అన్నట్టు బరువుగా బయటికొచ్చింది. మా ఆయన వీరబాబు దాన్ని వీధి అరుగు మీద నిలబెట్టి, వచ్చే పోయే వాళ్ళందరికీ అనిపించి చూపించాడు.

కాకినాడకి ఎగువన, సముద్రం ఒడ్డున సరుగుడు తోట కొట్టేసిన చోట ఆ ప్రయోగశాల కట్టారు. బోర్డు మీద పేరు 'జిహ్వ'. మా పేటలో అందరికీ అది నాలికల బడి. చిన్నపిల్లల నాలికకి ఇంగ్లీషు నేర్పి, పెద్దయ్యాక ఏ దేశం వాళ్ళతో ఫోన్లో మాట్లాడినా ఆ దేశం మనిషే అనుకునేట్టు తయారు చేస్తామన్నారు. మా ఆయన అక్కడ పిల్లల వ్యాను నడిపేవాడు. ఆ చలవతోనే అయిదేళ్ళు నిండని జోషితకి చోటు దొరికింది. నేను పదో తరగతి పరీక్షలు రాయకుండానే పెళ్ళి పీటలెక్కినదాన్ని. ఆసుపత్రిలోనో బ్యాంకులోనో ఎవరైనా ఇంగ్లీషు ముక్క విసిరితే నా చెవులు వేడెక్కిపోతాయి. నా పిల్ల చెవులకి ఆ వేడి తగలకూడదనుకున్నాను.

ఇంగ్లీషు నేర్పే పొరని పిల్ల నోట్లో పెట్టే రోజున శర్వాణి మేడమ్ మొదట నా చేత "మిల్క్" అనిపించింది. హైదరాబాదు మనిషి, ఆ చోటంతటికీ పెద్ద డాక్టరు. నేను అన్నాక గోడ మీద తెరలో నా నాలిక బొమ్మ కనిపించింది, కొస పైకి మడిచిన తమలపాకులా. తరవాత వేరే మనుషుల నాలికలు చూపించింది. లండన్ వాళ్ళకి మాట మొదట్లో వచ్చే ల ముందు పళ్ళ దగ్గర పలుకుతుందట, చివర్లో వచ్చేది వెనక్కి జారి బరువెక్కుతుందట. అమెరికా వాళ్ళకి ఎక్కడైనా బరువేనట. ఐర్లాండ్ వాళ్ళది ఎక్కడైనా తేలికేనట, ఇంచుమించు మన ల లాగే.

"అయితే మేం ఐర్లాండ్ వాళ్ళమని చెప్పుకుంటే సరిపోదాండీ?" అన్నాను, నవ్వుతుందేమోనని.

"ఐర్లాండ్ నుంచి మనకి ఆర్డర్లు లేవమ్మా," అంది, తెర మీంచి తల తిప్పకుండానే.

ఆ పొర కోడిగుడ్డు పెంకు లోపలి చర్మంలా ఉంది. ముందు నా వేలి మీద పెట్టి, ఏదో నొక్కింది. చీమ కుట్టినట్టు చురుక్కుమంది. ఇంతేనమ్మా అంది. నాలిక కొస వెనక్కి మడతపడి అంగిలిని తాకబోతే ఆ చిన్న చురక తగులుతుందట, నాలిక తనంతట తానే దారి మార్చుకుంటుందట. జోషిత నోరు తెరిపించి అంగిలికి అంటించారు. వచ్చేటప్పుడు, భోజనం తరవాత మందు వెయ్యండి అన్నంత మామూలుగా, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి అని చెప్పింది. నేను తల ఊపాను. నా దగ్గరున్న ఇంగ్లీషు ఎంతని? కమ్, గో, ఈట్. వాటితో పిల్లని లేపి, స్నానం చేయించి, అన్నం పెట్టి, కథ చెప్పి నిద్రపుచ్చడం ఎలాగో నేను అడగలేదు. అడిగితే చోటు పోతుందని భయం.

కొన్నాళ్ళకి పిల్ల మారింది. నేను మాట్లాడుతుంటే మొహం తిప్పేసుకునేది. బడి వాళ్ళిచ్చిన పలక లాంటి తెర ముందు మాత్రం, ఇంగ్లీషు బొమ్మలు మాట్లాడుతుంటే కదలకుండా కూర్చునేది. దొరసాని అయిపోతోంది, నీ మాట ఇంకేం నచ్చుతుందని మా ఆయన ఎగతాళి చేశాడు. నాకూ అలాగే అనిపించి లోపల ముల్లులా గుచ్చుకుంది. ఒకనాడు అన్నం తినట్లేదని గట్టిగా కేకలేస్తే వెక్కి వెక్కి ఏడ్చింది. ఎత్తుకుని మొహం తుడవబోతే బుగ్గలు పొడిగా ఉన్నాయి. దొంగేడుపు నేర్చిందని మా ఆయన అన్నాడు. మా మావయ్య మాత్రం దాని మొహం వెలుతురుకి తిప్పి చాలాసేపు చూశాడు.

మావయ్య అంటే మా ఆయన తండ్రి, పేరు సత్తిరాజు. తాటిచెట్లు గీసి కల్లు దింపడం ఆయన వృత్తి. ఒళ్ళంతా చెట్టెక్కే తాడు, మోకు, రాసుకున్న మచ్చలే. పిల్లకి కంట్లో నలుసు పడితే ఆయన దగ్గరికే పరిగెత్తేది. కండువా చివర ముడిచి, నోటితో వేడిగా ఊది, కంటికి అద్దేవాడు. తాత ఊదితే ఏదైనా పోతుందని దాని నమ్మకం.

నాలికల బడి నుంచి పిలుపొచ్చింది. వెళ్ళేసరికి శర్వాణి మేడమ్ కుర్చీ చూపించలేదు. తెర మీద జోషిత గొంతు వినిపించింది. పిల్లలు రోజంతా అనే ప్రతి మాటా ఆ పొర పట్టి పంపుతుందట, యంత్రం దాన్ని విని రాసుకుంటుందట. నా పిల్ల గొంతు, సన్నగా, అలిసిపోయినట్టు, "తాత కావాలి. కల్లు. కల్లు మంట. తాత," అంటోంది. కింద యంత్రం రాసిన ఇంగ్లీషు అక్షరాలు నేను కూడబలుక్కుంటుంటే, చదవనక్కర్లేదమ్మా నేను చెప్తాను అని, కల్లు, తాత, మంట అంటే గొంతు మంట అని ఒక్కొక్కటీ వేలితో చూపించింది. పిల్ల కళ్ళు ఎర్రగా ఉంటున్నాయని టీచర్లు కూడా చెప్పారంది. మీ ఇళ్ళల్లో అలవాటేనేమో గాని మా పొర ఖరీదైనది, తాగుడు నోట్లో పెట్టేది కాదంది.

మీ ఇళ్ళల్లో అన్న మాట నా వీపు మీద చరిచినట్టు తగిలింది. అయినా నేను ఎదురు చెప్పలేదు. ఎందుకంటే పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్న మాట నిజం. ఇంట్లోనూ "కల్లు మంట" అన్న మాట నిజం. దాని పక్కన తాత పేరూ ఉంది.

ఆ సాయంత్రం మావయ్య కల్లు ముంత తీసుకుని వీధిలోకి విసిరేశాను. అది బోర్లపడి దొర్లుకుంటూ పోయింది. ఆయన మెట్టు మీద అలాగే నిలబడ్డాడు.

"నా మోకు మీద ఒట్టమ్మా. దాని నోట్లో సుక్క పోసుంటే ఈసారి సెట్టెక్కినప్పుడు ఆ మోకే తెగిపోవాల."

"మోకు తెగితే మీరొక్కరే పోతారు. నా పిల్ల బతుకు పోతోంది," అన్నాను.

ఆయన వీధిలోకి దిగి ముంత తీసుకున్నాడు. చెట్ల దగ్గర కమ్మల పాకలోకి మకాం మార్చేశాడు. పిల్ల గుమ్మం పట్టుకుని తాత, తాత అని ఏడుస్తుంటే, చూశారా కల్లుకి ఎలా మరిగిందో అని మా ఆయనతో అన్నాను. ఆయన తండ్రిని ఏమీ అనలేక, నన్ను ఏమీ అనలేక, వ్యాను తుడుచుకుంటూ కూర్చున్నాడు.

అంతలో పొరలు కొనే విదేశీ కంపెనీ వాళ్ళు చూడ్డానికి వస్తున్నారన్నారు. తల్లులందరం పట్టుచీరలు కట్టుకుని రావాలి, వెనక వరసలో కూర్చోవాలి, మాట్లాడకూడదు. జోషిత వాళ్ళకి అందరికంటే బాగా తయారైన పిల్లట, దాన్నే ముందుకి పిలిచారు. బాల్, బెల్, హిల్, మిల్క్ అంటూ వరసగా చెప్పింది. ఒక్కో ల ఒక్కో గవ్వలా పడుతోంది. చప్పట్లు కొట్టారు. నాకూ ఒళ్ళు పులకరించింది. కానీ అది మొదలు నుంచీ చివరిదాకా కళ్ళు గట్టిగా మూసుకునే చెప్పింది.

వచ్చిన వాళ్ళల్లో ఒక పొడుగాటి తెల్లావిడ లేచి వెళ్ళి, దాని ముందు గొంతుక్కూర్చుని ఏమైందని అడిగింది. అన్నాళ్ళలో నా పిల్లని ఆ ప్రశ్న ఇంగ్లీషులో అడిగినవాళ్ళు ఎవరూ లేరు. అక్కడ పాఠాలే చెప్పేవారు గాని, ఏమైందని ఎవరడుగుతారు?

"మై ఐజ్ హర్ట్," అంది జోషిత.

ఎప్పుడు నొప్పి అని ఆవిడ అడిగింది.

"వెన్ అమ్మ టాక్స్."

రెండూ నాకు తెలిసిన ముక్కలే. నాకు అర్థం కావాలనే వెతికి వెతికి చెప్పిందా అన్నంత తేలిక ముక్కలు. కళ్ళు నొప్పి. అమ్మ మాట్లాడినప్పుడు. నాకు ఒక్కసారిగా ఆ బడిలో వినిపించిన గొంతు, మా గుమ్మం పట్టుకుని ఏడ్చిన గొంతు రెండూ కలిసి వినిపించాయి. అది కల్లు అనలేదు. కళ్ళు అనడానికి దాని దగ్గర ళ మిగల్లేదు. కళ్ళు మంట, తాత వచ్చి ఊదాలి అంటోంది. ఊదే మనిషిని నేను పాకకి తోలేశాను.

తెల్లావిడ లేచి శర్వాణి మేడమ్‌ని ఏదో అడిగింది. గొంతు పెంచలేదు. ఆ తరవాత అందరూ తమ సామాన్లు సర్దుకుని కార్లెక్కేశారు. నా పిల్ల వైపు గాని నా వైపు గాని మళ్ళీ ఎవరూ చూడలేదు.

నేను పిల్లని చంకనేసుకుని మేడమ్ గదిలోకి వెళ్ళాను. ఆవిడ మొహం పాలిపోయి ఉంది, కానీ మాట మాత్రం కత్తిలాగే ఉంది.

"వినేటప్పుడు కూడా పిల్లల నాలిక లోలోపల ఆ మాట ఆడుతుంది. పొరకి అది తెలిసిపోతుంది. అందుకే ఇంట్లో ఇంగ్లీషే అన్నాం. అన్నామా లేదా?"

"అన్నారండీ."

"మీరు రోజంతా తెలుగే మాట్లాడారు. నీళ్ళు, కాళ్ళు, వెళ్ళు, మళ్ళీ. ఆ చురకలు మేం పెట్టినవి కావు నూకరత్నం గారూ. మీరు పెట్టారు."

నేను పిల్ల మొహం నా భుజంలో దాచి, చెవి మీద చెయ్యి పెట్టి అడిగాను. "మరి కల్లు ఎవరు పోశారండీ?"

ఆవిడ తెర ఆపేసింది. ఇప్పుడే పీకెయ్యమన్నాను. పీకితే అంగిలి చర్మం కూడా ఊడొస్తుందట. మందు నీటితో కొన్ని వారాల పాటు కడుగుతూ కరిగించాలట. అప్పటిదాకా అది చురక పెడుతూనే ఉంటుందట, ఆపే మీట పెట్టలేదట. ఆ ళ శబ్దం పిల్ల చెవిన పడకుండా చూసుకోండి, అంది, తలుపు తీసి పట్టుకుని.

కంటాసుపత్రిలో పెద్దాయన దీపం వేసి చూశాడు. అంగిలి మీది నరానికి, కన్నీరు ఊరించే నరానికి చుట్టరికం ఉందని చెప్పాడు. చురకల మీద చురకలు తగిలి రెండోది మొద్దుబారిపోయిందట. కన్నీరు లేక నల్లగుడ్డు మీది పొర ఎండి పగిలిందట. ఇంకా చురకలు పడితే రెండు కళ్ళూ దక్కవమ్మా అన్నాడు. ఆయన ఆ మాట అనేలోపే నా రెండు చేతులూ దాని చెవుల మీదున్నాయి.

అలా మా ఇంట్లో ళ నిషేధం అయింది.

మన మాటల్లో అది ఎంత ఉందో అప్పుడు గాని తెలియలేదు. నీరు అనొచ్చు, నీళ్ళు అనకూడదు. కాలు అనొచ్చు, రెండో కాలు కలిస్తే నోరు మూసుకోవాలి. మళ్ళీ బదులు ఇంకోసారి, పళ్ళు బదులు దంతాలు. ఒకటిగా ఉన్నంతసేపు ప్రతిదీ క్షేమం, రెండయ్యేసరికి పిల్లకి చురక. టీవీ కట్టేశాను. పక్కింటి వాళ్ళని రావద్దన్నాను. పొగరు తలకెక్కింది, నాలికల బడికి పంపితే మేం పనికిరాకుండా పోయాం అని వాళ్ళు గోడ మీంచి వినిపించేట్టు అనుకున్నారు. ఆ అనడంలోనూ వాళ్ళు, వీళ్ళు. నేను కిటికీలకి దుప్పట్లు కట్టాను.

మావయ్యని తీసుకురావడానికి పాకకి వెళ్ళాను. జరిగింది చెప్పాను. ఆయన మోకు పక్కన పెట్టి, "కళ్ళని కల్లు అనుకున్నామా," అన్నాడు. తరవాత కండువా భుజాన వేసుకుని నా వెనకే వచ్చేశాడు. ఆ వారాలు చెట్టెక్కలేదు. మా సందు మొదట్లో కుర్చీ వేసుకు కూర్చుని, అరటిపళ్ళ బండి కనబడితే చాలు, లేచి పరిగెత్తి ఆ మనిషి నోటికి కండువా అడ్డం పెట్టేవాడు. నీకు పిచ్చి గాని పట్టిందా సత్తిరాజూ అని బండివాడు తిడితే, పట్టింది, అటేపు పో, అనేవాడు.

కష్టం మా ఆయనతోనే వచ్చింది. నాలికల బడి వాళ్ళు వ్యాను తాళం లాగేసుకున్నారు. ఆ మంటతో ఇంట్లోకి వచ్చి, "వాళ్ళు నన్ను..." అన్నాడో లేదో, మంచం మీద పిల్ల రెండు అరచేతులూ కళ్ళకి అదుముకుని ముడుచుకుపోయింది. నా చేతిలో గరిటె ఉంది. దాన్నే విసిరాను. నుదుట తగిలి నెత్తురొచ్చింది.

"నా కొంపలో నా మాట నేను ఆడకూడదా?" అన్నాడు నుదురు పట్టుకుని.

"ఆడకూడదు," అన్నాను.

ఆయన వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. పిల్ల చేతులు తీసేదాకా కదల్లేదు. ఆ తరవాత పొర కరిగేవరకు ఇంట్లో ఆయన నోరు విప్పింది అతి తక్కువ. నేనూ అంతే. పిల్ల పెదాలు చూసి, వేళ్ళు చూపించి, బువ్వ పెట్టి, ఒళ్ళో పడుకోబెట్టుకుని, మాట లేకుండా ఊపేదాన్ని. నా గొంతు ఎత్తగానే అది ఉలిక్కిపడేది. తల్లి గొంతుకి బిడ్డ ఉలిక్కిపడ్డం ఏంటో అనుభవించిన వాళ్ళకి గాని తెలీదు.

పొర పూర్తిగా కరిగిపోయింది. కుడి కన్ను దక్కింది. ఎడమ కంటి నల్లగుడ్డు మీద మీగడ తరకలాంటి మచ్చ మిగిలింది, ఆ వైపు మనుషులు మసకగా ఉంటారు. కన్నీరు రాలేదు, వస్తుందో రాదో చెప్పలేమన్నారు. సీసాలో చుక్కలు తెచ్చి పూటపూటకీ వేస్తాను. చెంప మీద కారితే తుడుచుకుని, "ఏడుపు అయిపోయింది," అంటుంది.

చురక పోయినా మా భయం పోలేదు. అలవాటు కొద్దీ ఇల్లంతా ళ లేకుండానే నడుస్తోంది. ఒకరోజు గంజి వారుస్తుంటే గిన్నె జారి పాదం మీద పడింది. నీళ్ళు, నీళ్ళు అని అరిచేశాను. పిల్ల గుమ్మంలో ఆగిపోయి కళ్ళు గట్టిగా మూసుకుంది. నేను నోరు చేత్తో కప్పుకున్నాను. పాదం మండుతున్న సంగతే మరిచిపోయాను. ఏమీ జరగలేదు. అది ముందు కుడి కన్ను తెరిచింది, తరవాత ఎడమది.

"అమ్మా, మల్లీ అను."

"నీళ్ళు," అన్నాను, నోటి మీంచి చెయ్యి తీసి.

"మల్లీ."

దగ్గరికొచ్చి నా నోట్లో వేలు పెట్టింది. నేను కళ్ళు అన్నాను, కాళ్ళు అన్నాను, వెళ్ళు అన్నాను. నాలిక వెనక్కి మడతపడ్డప్పుడల్లా దాని వేలు ఆ అడుగుభాగాన్ని తడిమేది. ఎక్కడికి ఎల్లిందమ్మా నాలిక, అని అడిగింది. మేడెక్కింది అన్నాను. తన నోట్లోనూ వేలు పెట్టుకుని నాలికని పైకి తోసి చూసింది. రాలేదు. ఎన్నాళ్ళు ప్రయత్నించినా కల్లే, కాల్లే. తాత మాత్రం నవ్వి, తాతది కల్లే గదా అమ్మలూ, తప్పేం కాదు, అనేవాడు.

అలాంటి రోజుల్లో శర్వాణి మేడమ్ కారు మా సందులో ఆగింది. ఆవిడ చేతిలో పెద్ద మిఠాయి పెట్టె. వెనక ఒకతను కెమెరా పట్టుకుని ఉన్నాడు. ఈసారి పొర మెత్తగా చేశారట, తెలుగు వినబడితే దానంతట అదే ఆగిపోతుందట. పేటలో తల్లులు వెనక్కి తగ్గుతున్నారట, జోషిత బాగానే ఉందని నాలుగు మాటలు దాని నోటితో చెప్పిస్తే చాలని అంది. ఆ ఇంగ్లీషు ఇంకా ఎంత బాగుందో అందరూ వినాలంది. మా ఆయనకి వ్యాను మళ్ళీ ఇస్తామని కూడా అంది. మా ఆయన నుదుటి మచ్చ తడుముకుంటూ నా వైపు చూశాడు. మావయ్య కుర్చీలోంచి లేచాడు.

ఆవిడ వంగి, జోషిత గెడ్డం పట్టుకుని, ఇంగ్లీషులో ముద్దుగా ఏదో అడిగింది. కెమెరా దగ్గరికొచ్చింది.  అది ఇంగ్లీషులో జవాబు చెప్తుందని నాకు తెలుసు, ఆ ల గవ్వలా పడుతుందని తెలుసు.

జోషిత ఆ చేతిని గెడ్డం మీంచి తోసేసింది. నోరు కొంచెం తెరిచి, నాలికని లోపలికి, పైకి మడిచి, అక్కడ ఒక్క క్షణం ఆపింది. చురక కోసం ఎదురుచూస్తున్నట్టు. చురక రాలేదు.

"వెళ్ళు," అంది.

రెండు ళలూ అంగిలి మీద గట్టిగా మోగాయి. పెద్దవాళ్ళని వెళ్ళండి అనాలని దానికి నేనే నేర్పాను. ఆ రోజు సరిదిద్దలేదు.